వాక్యానికి తెలుగు, పదాలకు ఇంగ్లిష్: తెలుగువాళ్లు స్పానిష్ మొదలుపెట్టడానికి సమగ్ర మార్గదర్శి

స్పానిష్ మొదలుపెట్టే తెలుగువాళ్లలో చాలామంది ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లిష్‌లోకి మార్చుకుని, ఆ తర్వాత అర్థం చేసుకుంటారు. మాట్లాడాల్సి వస్తే తెలుగులో అనుకున్నది ఇంగ్లిష్‌లోకి, అక్కడి నుంచి స్పానిష్‌లోకి. మనకు దొరికే పుస్తకాలు, యాప్‌లు దాదాపు అన్నీ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ల కోసం తయారైనవి కాబట్టి ఇలా జరగడం సహజమే. కానీ ఆ పుస్తకాల్లో 'ఇది కష్టమైన పాఠం' అని హెచ్చరించే చోట్లలో సగం దాకా ఇంగ్లిష్ వాళ్లకే కష్టం. మనకు అవి పుట్టుకతో వచ్చినవి. 'నాకు కాఫీ ఇష్టం' అనే వాక్యాన్ని స్పానిష్ వాళ్లు కూడా సరిగ్గా అలాగే కడతారు. ఇంగ్లిష్ మీదుగా వెళ్లినవాళ్లు మాత్రం దాన్ని తలకిందులు చేసుకుని నెలల తరబడి తంటాలు పడతారు.

అందుకే ఈ గైడ్‌లో ఒక పద్ధతి పాటిస్తున్నాను. వాక్యం కట్టేటప్పుడు ముందు 'తెలుగులో దీన్ని ఎలా అంటాం?' అని అడుగుదాం. పదాలు గుర్తుపెట్టుకోవడానికి మాత్రం ఇంగ్లిష్ సాయం తీసుకుందాం, ఎందుకంటే అక్కడ దాని సాయం నిజంగా పెద్దది. తెలుగు ఎక్కడ సాయపడదో అక్కడ ఆ మాటే చెప్పి, ఎక్కువసేపు ఆగుదాం.

స్పెయిన్, ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీ, మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా లాటిన్ అమెరికాలో 18 దేశాలు, ఆపైన ప్యూర్టో రికో: ఇన్ని చోట్ల నడిచే భాష ఇది. అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే ఇంగ్లిష్ తర్వాత చెవిన ఎక్కువగా పడేది ఇదే. పిల్లలు స్కూల్లో రెండో భాషగా చాలాసార్లు దీన్నే తీసుకుంటారు. ఊరూరికీ యాస మారుతుంది కాబట్టి మొదట్లోనే ఒకటి ఎంచుకోవాలి. ఇక్కడ లాటిన్ అమెరికా ఉచ్చారణ వాడుతున్నాను. మన నోటికి అదే తేలిక.

మొదటి అడుగు: నోరు తిప్పడం

మొదటి వారం వ్యాకరణం జోలికి వెళ్లకండి. ధ్వనులు మాత్రమే.

స్పానిష్‌లో అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎక్కడ రాసినా ఒకేలా పలుకుతాయి. తెలుగులాగే రాసింది రాసినట్టు చదివే భాష. ఇంగ్లిష్‌లోలా ఒకే అక్షరానికి నాలుగు శబ్దాలు ఉండవు. ఇందులో అ మాత్రం కాస్త నోరు తెరిచి, పొట్టి ఆ లాగా పలకాలి.

అసలు జాగ్రత్త హల్లుల దగ్గర. రోమన్ లిపిలో టి, డి అక్షరాలు కనిపించగానే మన నోరు ట, డ అనేస్తుంది. ఇంగ్లిష్ చదువు నేర్పిన అలవాటది. స్పానిష్‌లో అవి త, ద. టమాటా వాళ్లకు 'తొమాతె', రెండు 'దోస్'. అలాగే ప, త, క లను ఒత్తు లేకుండా పలకాలి. ఇంగ్లిష్ వాళ్లకు ఇది నేర్పడానికి టీచర్లు నోటి ముందు కాగితం పెట్టి, అది కదలకుండా పలకమంటారు. మనకు ఆ అవసరం లేదు, 'పాలు', 'కాలు' అన్నట్టు అంటే చాలు.

తర్వాత ర. మామూలు ర మన ర లాంటిదే. రెండు ఆర్‌లు పక్కపక్కన వస్తే 'గొర్రె', 'కర్ర'లోని ర్ర. ఈ తేడా ముఖ్యం: 'పేరొ' అంటే 'కానీ', 'పేర్రొ' అంటే కుక్క. 'కారొ' అంటే ఖరీదైనది, 'కార్రొ' అంటే కారు. పదం మొదట్లో వచ్చే ర కూడా బలంగానే పలుకుతుంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసే శబ్దం మనకు ముందే వచ్చు.

మిగిలినవి తొందరగా చూసేద్దాం. హెచ్ అక్షరానికి శబ్దమే లేదు. జె అక్షరం హ లాగా పలుకుతుంది, స్పెయిన్‌లో గొంతు లోపలి నుంచి గరగరగా వస్తుంది. జి అక్షరం తర్వాత ఎ గానీ ఇ గానీ ఉంటే అదీ హ: 'హేంతె' అంటే జనం. వి, బి రెండూ బ లే. జెడ్ అక్షరం, ఎ-ఇల ముందు వచ్చే సి అక్షరం లాటిన్ అమెరికాలో స. స్పెయిన్‌లో ఎక్కువ ప్రాంతాల్లో నాలుక పళ్ల మధ్య పెట్టి పలికే థ్. జంట ఎల్ అంటే య. 'మూచొ' (చాలా) లాంటి పదాల్లో చ ను 'చెట్టు'లోని చ లా పలకండి, 'చాప'లోని చ లా కాదు. ఎన్ అక్షరం మీద అలలాంటి గీత ఉంటే న్య: 'ఆన్యొ' అంటే సంవత్సరం. ఆ గీత మరిచిపోయి రాస్తే అది శరీరంలో బయటికి చెప్పుకోలేని భాగం పేరు అవుతుంది. వయసు రాసేటప్పుడు తప్పకుండా చూసుకోండి.

ఇంకో సంగతి. మన పెద్దవాళ్లు కొందరు 'ఇస్కూలు', 'ఇస్టేషను' అంటారు కదా. స్పానిష్‌లో అది పద్ధతి ప్రకారమే ఉంటుంది. బడి 'ఎస్క్వేల', స్టేషన్ 'ఎస్తస్యోన్', విద్యార్థి 'ఎస్తుద్యాంతె'. కానీ పదం చివర ఉ తగిలించే మన అలవాటు మాత్రం వదులుకోవాలి. 'ఉస్తేద్' అనాలి, 'ఉస్తేదు' కాదు.

ప్రతి పదంలో ఒక అచ్చు మీద బలం పడుతుంది. ఈ గైడ్‌లో ఆ అచ్చుకు దీర్ఘం పెట్టాను. మన దీర్ఘమంత సాగదీయనక్కర్లేదు, అక్కడ కాస్త నొక్కితే చాలు. పదం అచ్చుతోగానీ ఎన్, ఎస్ అక్షరాలతోగానీ ముగిస్తే చివరి నుంచి రెండో భాగం మీద బలం. వేరే హల్లుతో ముగిస్తే చివరి భాగం మీద. ఈ రెండింటికీ లొంగని పదాలకు అచ్చు మీద చిన్న గీత పెట్టి చూపిస్తారు. గీతను అలంకారం అనుకోకండి. 'ఆబ్లొ' అంటే నేను మాట్లాడతాను, 'అబ్లో' అంటే అతను మాట్లాడాడు. 'పాప' అంటే బంగాళాదుంప, 'పపా' అంటే నాన్న.

మొదటి రెండు వారాలు నోట్‌బుక్‌లో స్పానిష్ స్పెల్లింగ్ పక్కన తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకోండి. చాలామంది టీచర్లు దీనికి ఒప్పుకోరు. నా అభిప్రాయంలో మాత్రం తెలుగు లిపి ఉన్నప్పుడే త, ద, ర్ర నోట్లో సరిగ్గా కూర్చుంటాయి. నోరు తిరిగాక తెలుగు రాత మానేసి, స్పెల్లింగ్ చూసి నేరుగా చదవండి.

రెండో అడుగు: మొదటి పదాలు

విడి పదాల జాబితా బట్టీ పట్టడం కంటే, మీరు రోజూ చేసే పని చుట్టూ పదాలు ఏరుకోవడం మేలు. రోజుకి పది కొత్త పదాలు చాలు. వంటింట్లో మొదలుపెడితే అక్కడే సగం తెలిసిన ముఖాలు కనిపిస్తాయి. నారింజ వాళ్లకు 'నరాంహ'. మన నారంగమే పర్షియన్, అరబ్బీల మీదుగా స్పెయిన్ చేరింది. పంచదార 'అసూకర్'. అది కూడా సంస్కృత శర్కర నుంచి అదే దారిలో వెళ్లిన మాట, మన చక్కెరకు చుట్టం. టమాటా మాత్రం మెక్సికోలోని నావాట్ల్ భాష నుంచి స్పానిష్ ద్వారా లోకమంతా తిరిగి మన దగ్గరికి వచ్చింది. పోర్చుగీసు వాళ్లు మనకు ఇచ్చిన అల్మారా, మేస్త్రి, పాదిరి అనే మాటలకు స్పానిష్‌లో తోబుట్టువులున్నాయి: అర్మార్యొ, మయేస్త్రొ, పాద్రె. మయేస్త్రొ అంటే అక్కడ పంతులుగారు కూడా.

మిగతా వంటింటి సరుకు ఇది: ఆగ్వ (నీళ్లు), లేచె (పాలు), అర్రోస్ (బియ్యం, అన్నం), సాల్ (ఉప్పు), సెబోయ (ఉల్లిపాయ), ఆహొ (వెల్లుల్లి), లిమోన్ (నిమ్మకాయ), వేబొ (గుడ్డు), పోయొ (కోడి మాంసం), పెస్కాదొ (చేప), పాన్ (బ్రెడ్), పికాంతె (కారంగా ఉండేది). శాకాహారులు ఒక వాక్యం మొదటి రోజే నేర్చుకోండి: 'నొ కోమొ కార్నె, ని పోయొ, ని పెస్కాదొ.' మాంసం తినను, కోడీ తినను, చేపా తినను అని. 'కార్నె' ఒక్కటే చెబితే చాలాచోట్ల పశుమాంసం వరకే అనుకుని చికెన్ వడ్డిస్తారు.

చుట్టరికాల్లో స్పానిష్ పొదుపు. పెదనాన్న, బాబాయ్, మామయ్య అందరూ 'తీఒ', పెద్దమ్మ, పిన్ని, అత్త అందరూ 'తీఅ'. అన్నయ్య అనాలంటే 'ఎర్మానొ మయోర్', తమ్ముడికి 'ఎర్మానొ మెనోర్'. అక్కాచెల్లెళ్లకు ఎర్మాన. తాత 'అబ్వేలొ', అమ్మమ్మ అయినా నానమ్మ అయినా 'అబ్వేల'.

అంకెలు నోటికి రావాలి: ఊనొ, దోస్, త్రేస్, క్వాత్రొ, సీంకొ, సేయ్స్, స్యేతె, ఓచొ, న్వేబె, ద్యేస్. 11 నుంచి 15 దాకా విడిగా నేర్చుకోవాలి: ఓన్సె, దోసె, త్రేసె, కతోర్సె, కీన్సె. 20 బేయ్ంతె, 30 త్రేయ్ంత, 100 స్యేన్, 1000 మీల్. లక్షకు విడి మాట లేదు, 'స్యేన్ మీల్' అంటే నూరు వేలు. కోటి 'ద్యేస్ మియోనెస్'. బస్ నంబర్లు, బిల్లులు, ఫోన్ నంబర్లు కనిపించినప్పుడల్లా స్పానిష్‌లో చదవండి. అంకెలు వినగానే అర్థం కావడం అనుకున్నంత తేలిక కాదు.

ఇంగ్లిష్ సాయం ఇక్కడే. ఇంగ్లిష్‌లో 'షన్' అని ముగిసే మాటలు స్పానిష్‌లో చాలావరకు 'స్యోన్' అవుతాయి: ఇన్‌ఫొర్మస్యోన్, నస్యోన్, ఎదుకస్యోన్. ఇలా వందల మాటలు ఉచితంగా వస్తాయి. కొన్ని మాత్రం మోసం చేస్తాయి. 'ఎంబరసాద' అంటే ఇబ్బందిపడిన ఆవిడ కాదు, గర్భవతి. 'ఏక్సితొ' బయటికి వెళ్లే దారి కాదు, విజయం. 'లిబ్రెరీఅ' లైబ్రరీ కాదు, పుస్తకాల షాపు. లైబ్రరీ 'బిబ్ల్యొతేక'.

మూడో అడుగు: లింగం, మనకు నిజంగా కొత్త సంగతి

తెలుగులో 'వాడు, ఆమె, అది' అని మనుషులను, వస్తువులను వేరు చేస్తాం. బల్ల ఆడా మగా అనే ఆలోచనే రాదు. స్పానిష్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంది. పైగా దాని ముందు 'ఎల్' లేదా 'ల' అనే చిన్న మాట చేరుతుంది. మగకు ఎల్, ఆడకు ల. బహువచనంలో లోస్, లాస్. 'ఒక' అనడానికి ఉన్, ఊన. తెలుగులో ఈ మాటలకు సమానమైనవి లేవు కాబట్టి మనం వీటిని తరచూ వదిలేస్తాం.

దీనికి ఒకటే మందు: పదాన్ని ఎప్పుడూ ఒంటరిగా నేర్చుకోకండి. 'కాస' అంటే ఇల్లు అని రాసుకోకుండా 'ల కాస' అని రాసుకోండి. 'ఎల్ లీబ్రొ' పుస్తకం, 'ల మేస' బల్ల. ఒ తో ముగిసేవి ఎక్కువగా పుంలింగం, అ తో ముగిసేవి ఎక్కువగా స్త్రీలింగం. 'స్యోన్', 'దాద్' అని ముగిసేవి స్త్రీలింగం. తప్పించుకునేవి కొన్ని ఉన్నాయి: ఎల్ దీఅ (రోజు), ఎల్ మాప (మ్యాప్), ఎల్ ప్రొబ్లేమ (సమస్య), ల మానొ (చెయ్యి), ల ఫోతొ (ఫోటో). ఇవి రోజూ వాడే మాటలే కాబట్టి వారంలో అలవాటవుతాయి.

విశేషణం ఎక్కువగా నామవాచకం తర్వాత వస్తుంది, దాని లింగవచనాలను అనుసరిస్తుంది. తెల్ల ఇల్లు 'ల కాస బ్లాంక', ఎర్ర పుస్తకాలు 'లోస్ లీబ్రొస్ రోహొస్'. తెలుగులో 'తెల్ల' అనే మాట దేని ముందైనా మారదు కదా, అందుకే ఈ అనుసరణ మనం మరిచిపోతాం. మొదట్లో మాట్లాడేటప్పుడు తప్పినా ఫర్వాలేదు, ఎదుటివాళ్లకు అర్థమవుతుంది. రాసేటప్పుడు మాత్రం ప్రతి విశేషణం దగ్గర ఆగి సరిచూసుకోండి.

నాలుగో అడుగు: సేర్, ఎస్తార్, ఆయ్

ఇంగ్లిష్ పుస్తకాలు అన్నిటికంటే ఎక్కువ పేజీలు ఖర్చుపెట్టేది ఇక్కడే. ఇంగ్లిష్‌లో ఒకే క్రియతో చెప్పేదానికి స్పానిష్‌లో రెండు క్రియలున్నాయి: సేర్, ఎస్తార్. 'శాశ్వతమైతే సేర్, తాత్కాలికమైతే ఎస్తార్' అని సూత్రం చెబుతారు. ఆ సూత్రం మధ్యలోనే విరిగిపోతుంది. మాడ్రిడ్ స్పెయిన్‌లో ఉండటం శాశ్వతమే, అయినా ఎస్తార్ వాడాలి.

తెలుగులో అడిగి చూడండి.

'రవి డాక్టర్.' ఇందులో క్రియే లేదు. స్పానిష్‌లో సేర్: 'రవి ఎస్ మేదికొ.'
'రవి ఇంట్లో ఉన్నాడు.' ఉండు అనే క్రియ ఉంది. స్పానిష్‌లో ఎస్తార్: 'రవి ఎస్తా ఎన్ కాస.'
'మాడ్రిడ్ స్పెయిన్‌లో ఉంది.' ఎస్తార్: 'మద్రీద్ ఎస్తా ఎన్ ఎస్పాన్య.'
'పార్టీ మా ఇంట్లో.' మళ్లీ క్రియ లేదు. సేర్: 'ల ఫ్యేస్త ఎస్ ఎన్ మి కాస.'

చివరి వాక్యం చూడండి. జరిగే కార్యక్రమం ఎక్కడో చెప్పేటప్పుడు స్పానిష్ సేర్ వాడుతుంది. ఇంగ్లిష్ పుస్తకాల్లో ఇది 'మినహాయింపు'. తెలుగులో అయితే 'పెళ్లి తిరుపతిలో' అని మామూలుగానే అంటాం.

గుణాలు చెప్పేటప్పుడు ఇంకో తెలుగు తేడా పనికొస్తుంది. 'ఆవిడ అందంగా ఉంటుంది' అంటే ఆవిడ స్వభావం: 'ఎస్ గ్వాప.' 'ఆవిడ ఈ రోజు అందంగా ఉంది' అంటే ఇప్పటి స్థితి: 'ఎస్తా గ్వాప.' ఉంటుంది అని వస్తే సేర్, ఉంది అని వస్తే ఎస్తార్. వందకు వంద శాతం సరిపోదు గానీ, పుస్తకాల సూత్రం కంటే చాలా దూరం తీసుకెళ్తుంది.

మూడోది 'ఆయ్', ఏదైనా ఉందని మొదటిసారి చెప్పడానికి. 'బల్ల మీద ఒక పుస్తకం ఉంది' అంటే 'ఆయ్ ఉన్ లీబ్రొ ఎన్ ల మేస.' 'పుస్తకం బల్ల మీద ఉంది' అంటే 'ఎల్ లీబ్రొ ఎస్తా ఎన్ ల మేస.' తెలుగులో పదాల వరస మార్చి చూపే తేడాను వాళ్లు క్రియ మార్చి చూపిస్తారు. ఆయ్ ఏకవచనంలో, బహువచనంలో ఒకటే.

రూపాలు కంఠస్థం చేయాలి. సేర్: సోయ్ (నేను), ఏరెస్ (నువ్వు), ఎస్ (అతను, ఆమె), సోమొస్ (మనం), సోన్ (వాళ్లు). ఎస్తార్: ఎస్తోయ్, ఎస్తాస్, ఎస్తా, ఎస్తామొస్, ఎస్తాన్.

ఐదో అడుగు: క్రియలు

'వెళ్తాను' అంటే చాలు, 'నేను' అని విడిగా చెప్పక్కర్లేదు. స్పానిష్ కూడా అంతే. క్రియ చివరే ఎవరో చెబుతుంది. ఇంగ్లిష్ మీదుగా వచ్చినవాళ్లు ప్రతి వాక్యం ముందు 'యొ, యొ' (నేను, నేను) అంటుంటారు. వినేవాళ్లకు అది 'నేనే, నేనే' అని నొక్కి చెప్పినట్టు ఉంటుంది.

స్పానిష్ క్రియలు మూడు రకాలు: ఆర్ తో ముగిసేవి, ఎర్ తో ముగిసేవి, ఇర్ తో ముగిసేవి. ఒక్కోదానికి ఒక్క నమూనా నేర్చుకోండి.

అబ్లార్ (మాట్లాడటం): ఆబ్లొ, ఆబ్లస్, ఆబ్ల, అబ్లామొస్, ఆబ్లన్
కొమేర్ (తినడం): కోమొ, కోమెస్, కోమె, కొమేమొస్, కోమెన్
బిబీర్ (జీవించడం, నివసించడం): బీబొ, బీబెస్, బీబె, బిబీమొస్, బీబెన్

వరస: నేను, నువ్వు, అతను/ఆమె, మనం/మేము, వాళ్లు. మనం, మేము తేడా వాళ్లకు లేదు. 'మాట్లాడతాడు, మాట్లాడుతుంది' తేడా కూడా క్రియలో లేదు. అనుమానం వచ్చే చోట మాత్రం ఎల్ (అతను), ఏయ (ఆమె) చేర్చండి. స్పెయిన్‌లో చనువుగా 'మీరంతా' అనడానికి ఆరో రూపం ఒకటి ఉంది. లాటిన్ అమెరికాలో దాన్ని వాడరు కాబట్టి ప్రస్తుతానికి వదిలేయండి.

నువ్వు, మీరు తేడా తెలిసినవాళ్లకు తూ, ఉస్తేద్ గురించి పాఠం అక్కర్లేదు. ఒక్క చోట జాగ్రత్త. మన 'మీరు' ఒక్కరికి వాడినా క్రియ బహువచనంలోనే ఉంటుంది. ఉస్తేద్‌కు మాత్రం అతను/ఆమె రూపం వాడాలి: 'ఉస్తేద్ ఆబ్ల.' ఎక్కువమందిని ఉద్దేశించి అయితే 'ఉస్తేదెస్ ఆబ్లన్.' ఎవరిని ఏది అనాలో దేశాన్ని బట్టి మారుతుంది. స్పెయిన్‌లో త్వరగా తూ లోకి దిగిపోతారు. కొలంబియాలో కొన్ని ప్రాంతాల్లో ఇంట్లోవాళ్లను కూడా ఉస్తేద్ అంటారు. అర్జెంటీనాలో తూ బదులు 'బోస్' వినిపిస్తుంది. కొత్తవాళ్లతో, పెద్దవాళ్లతో ఉస్తేద్ అంటే ఎక్కడా తప్పు కాదు.

నియమం తప్పే క్రియలు చాలా ఉన్నా మొదటి నెలకు ఐదు చాలు. తెనేర్ (కలిగి ఉండటం): తేంగొ, త్యేనెస్, త్యేనె, తెనేమొస్, త్యేనెన్. ఈర్ (వెళ్లడం): బోయ్, బాస్, బా, బామొస్, బాన్. కెరేర్ (కావాలనుకోవడం): క్యేరొ, క్యేరెస్, క్యేరె, కెరేమొస్, క్యేరెన్. పొదేర్ (చేయగలగడం): ప్వేదొ, ప్వేదెస్, ప్వేదె, పొదేమొస్, ప్వేదెన్. అసేర్ (చేయడం): ఆగొ, ఆసెస్, ఆసె, అసేమొస్, ఆసెన్.

'బోయ్ అ' తర్వాత ఏ క్రియ మూలరూపం పెట్టినా భవిష్యత్తు వచ్చేస్తుంది: 'బోయ్ అ కొమేర్' అంటే తినబోతున్నాను. 'అకాబొ దె కొమేర్' అంటే ఇప్పుడే తిన్నాను. ఈ రెండు అమరికలతో భూతభవిష్యత్తుల పాఠాలు రాకముందే చాలా మాట్లాడొచ్చు.

ఆరో అడుగు: 'నాకు' అని మొదలయ్యే వాక్యాలు

తెలుగు మనకిచ్చిన పెద్ద బహుమతి ఇదే. 'నాకు కాఫీ ఇష్టం' అన్నప్పుడు వాక్యంలో కర్త కాఫీ. స్పానిష్‌లో కూడా 'మె గూస్త ఎల్ కఫే' అంటే నాకు నచ్చుతుంది కాఫీ. పుస్తకాలు బహువచనం అయితే క్రియ కూడా మారుతుంది: 'మె గూస్తన్ లోస్ లీబ్రొస్', నాకు పుస్తకాలు నచ్చుతాయి. 'నచ్చుతుంది, నచ్చుతాయి' అన్నట్టే. నీకు అయితే తె, అతనికి లేదా ఆమెకు లె, మనకు నోస్, వాళ్లకు లెస్.

'నాకు తలనొప్పిగా ఉంది' కూడా ఇదే అచ్చు: 'మె ద్వేలె ల కబేస.' 'నాకు అనిపిస్తోంది' అంటే 'మె పరేసె.'

ఇంకో రకం 'నాకు' ఉంది. అక్కడ తెనేర్ వాడాలి. నాకు ఇద్దరు పిల్లలు: 'తేంగొ దోస్ ఈహొస్.' నాకు జ్వరం: 'తేంగొ ఫ్యేబ్రె.' నాకు ఆకలి: 'తేంగొ ఆంబ్రె.' నాకు దాహం, నిద్ర, చలి, భయం: తేంగొ సేద్, స్వేన్యొ, ఫ్రీఒ, మ్యేదొ. నాకు ఇరవై ఏళ్లు: 'తేంగొ బేయ్ంతె ఆన్యొస్.' వయసు దగ్గర ఇంగ్లిష్‌ను అనుసరించి 'సోయ్ బేయ్ంతె' అనేవాళ్లు ఎంతోమంది. 'నాకు ఇరవై ఏళ్లు' అని తెలుగులో అనుకున్నవాళ్లకు ఆ తప్పు రాదు.

గుర్తు ఏమిటంటే, తెలుగు వాక్యంలో 'నచ్చు, అనిపించు, నొప్పి' లాంటివి ఉంటే మె, తె, లె. నాకు ఒక వస్తువో, మనిషో, జబ్బో, ఆకలిదప్పులో 'ఉన్నాయి' అంటే తేంగొ.

ఏడో అడుగు: చిన్న మాటలు

మన 'లో, కి, తో' పదం వెనక తగులుతాయి. వాళ్లవి ముందు వస్తాయి: ఎన్ (లో, మీద), అ (కి), కోన్ (తో), సిన్ (లేకుండా), దె (యొక్క, నుంచి). క్రియ కూడా కర్మ కంటే ముందే వస్తుంది. 'నేను అన్నం తింటాను' వాళ్లకు 'తింటాను అన్నం', 'కోమొ అర్రోస్.' ఈ వరస అలవాటవడానికి ఒకటే దారి: వాక్యాలు పైకి చదవడం. 'పొర్', 'పార' అనే రెండింటి తేడా ఇప్పుడు తేల్చుకోవాలని చూడకండి. 'కోసం' అన్నచోట పార వాడుతూ ముందుకు వెళ్లండి, మిగతాది చదివే కొద్దీ తెలుస్తుంది.

మనిషి కర్మగా వస్తే ముందు 'అ' చేరుతుంది. 'బేఒ ల కాస' అంటే ఇల్లు చూస్తున్నాను. 'బేఒ అ మరీఅ' అంటే మరియాను చూస్తున్నాను. తెలుగులో 'పుస్తకం చదివాను' అని ప్రత్యయం లేకుండా అంటాం, కానీ 'మరియా చూశాను' అనం, 'మరియాను చూశాను' అంటాం. మన ను, ని తప్పనిసరిగా వచ్చే చోట వాళ్ల అ వస్తుందని గుర్తుంచుకోండి.

కాదు, లేదు అనడానికి క్రియ ముందు 'నొ' పెడితే చాలు. 'ఏమీ లేదు' అంటే 'నొ ఆయ్ నాద.' 'ఎవరూ రాలేదు' అంటే 'నొ బీనొ నాద్యె.' రెండు వ్యతిరేకాలు కలిసి వస్తున్నాయని ఇంగ్లిష్ పుస్తకం ఆశ్చర్యపోతుంది. మనకు ఎవరూ, రాలేదు కలిసి రావడం మామూలే.

సంతలో ఒక నిమిషం

ఇప్పటిదాకా చూసినవన్నీ మెక్సికోలో ఒక కూరగాయల సంతలో పెట్టి చూద్దాం. అమ్మే ఆవిడ ముందు పలకరిస్తుంది.

– బ్వేనొస్ దీఅస్. కే బా అ యెబార్?
– బ్వేనొస్ దీఅస్. అ క్వాంతొ ఎస్తా ఎల్ కీలొ దె నరాంహ?
– అ బేయ్ంతె పేసొస్.
– దేమె దోస్ కీలొస్, పొర్ ఫబోర్.
– ఆల్గొ మాస్?
– నాద మాస్, గ్రాస్యస్. క్వాంతొ ఎస్?
– క్వారేంత.

'కే బా అ యెబార్' అంటే 'ఏం తీసుకుంటారు?' బా అనేది ఉస్తేద్ రూపం, ఆవిడ మనల్ని మీరు అంటోంది. తర్వాత ధర అడిగినప్పుడు 'ఎస్తా' వచ్చింది. ఎందుకంటే నారింజ ధర రోజూ మారుతుంది, 'కిలో ఎంత ఉంది?' అని మనమూ అడుగుతాం. చివర మొత్తం బిల్లు అడిగినప్పుడు 'ఎస్' వచ్చింది. మనం కూడా అక్కడ 'మొత్తం ఎంత?' అంటాం, క్రియ ఉండదు. 'దేమె' అంటే 'ఇవ్వండి', ఉస్తేద్‌కు సరిపడే గౌరవ రూపం. మిగతావి: 'బ్వేనొస్ దీఅస్' శుభోదయం, 'పొర్ ఫబోర్' దయచేసి, 'ఆల్గొ మాస్?' ఇంకేమైనా?, 'నాద మాస్' ఇంకేం వద్దు, 'గ్రాస్యస్' థాంక్స్, 'క్వారేంత' నలభై. ఈ సంభాషణ కంఠస్థం చేసి, నారింజ బదులు తొమాతె, సెబోయ, లిమోన్ పెట్టి, అంకెలు మారుస్తూ పైకి చెప్పండి. ఇద్దరు కలిసి చేస్తే ఇంకా బాగుంటుంది.

రెండో నెలలో: తింటూ, తిన్నాను, తినేవాణ్ణి

'తింటూ ఉన్నాను' అనేది నోట్లో నలిగి 'తింటున్నాను' అవుతుంది. స్పానిష్‌లో విడిగానే ఉంచుతారు: 'ఎస్తోయ్ కొమ్యేందొ.' ఉన్నాను, తింటూ. ఆర్ క్రియలకు 'ఆందొ', మిగతావాటికి 'యేందొ' మన 'తూ' లాంటివి. 'పాడుతూ లోపలికి వచ్చాడు' అంటే 'ఎంత్రో కంతాందొ.' ఇది ఈ క్షణంలో జరిగేదానికే వాడండి. 'హైదరాబాద్‌లో ఉంటున్నాను' లాంటివి మామూలు వర్తమానంతోనే, 'బీబొ ఎన్ హైదరాబాద్.'

భూతకాలం రెండు రకాలు. 'తిన్నాను' అయితే 'కొమీ', 'తినేవాణ్ణి' లేదా 'తినేదాన్ని' అయితే 'కొమీఅ.' చిన్నప్పుడు రోజూ జరిగినవి, అలవాట్లు రెండో దానిలో. ఒకసారి జరిగి ముగిసినవి మొదటి దానిలో. మీ తాతగారి గురించి పది వాక్యాలు తెలుగులో రాసి, ఏ క్రియ ఏ రకమో పక్కన గుర్తుపెట్టండి. ఆ తర్వాత స్పానిష్‌లోకి మార్చండి. ఈ ఒక్క అభ్యాసం మూడు పాఠాలకు సమానం.

రోజూ ఏం చేయాలి

రోజుకి నలభై నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడం వల్ల పెద్దగా లాభం లేదు. మొదటి పది నిమిషాలు పాత పదాల పునశ్చరణ. దీనికి ఆంకి అనే ఫ్లాష్‌కార్డ్ యాప్ బాగుంటుంది. కంప్యూటర్లో, ఆండ్రాయిడ్ ఫోన్లో ఉచితం. మరిచిపోయే పదాన్ని త్వరగా, గుర్తున్న పదాన్ని ఆలస్యంగా మళ్లీ చూపిస్తుంది. కార్డులు మీరే తయారుచేసుకోండి, విడి పదం కాకుండా చిన్న వాక్యం రాయండి, మరోవైపు తెలుగులో అర్థం రాయండి. ఇంగ్లిష్‌లో కాదు.

తర్వాత పదిహేను నిమిషాలు వినడం. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం నెమ్మదిగా మాట్లాడే వీడియోలు యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి. ఒకే వీడియోను రోజూ విని, వాళ్ల వెంటే పైకి పలకండి. చివరి పదిహేను నిమిషాలు ఐదారు వాక్యాలు రాయడం: ఈ రోజు ఏం తిన్నారు, ఎవరితో మాట్లాడారు, రేపు ఏం చేయబోతున్నారు. స్పెల్లింగ్ అనుమానం వస్తే రియల్ అకాదెమియ ఎస్పన్యోల వారి నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. 1713లో మొదలైన ఆ సంస్థ మాటే స్పెల్లింగుకు ప్రమాణం. పాత డిక్షనరీల్లో చ శబ్దానికి, జంట ఎల్‌కు విడి భాగాలు కనిపిస్తే కంగారుపడకండి. 2010 నాటి నియమాలతో అవి అక్షరమాల నుంచి తప్పుకుని 27 అక్షరాలు మిగిలాయి.

సర్టిఫికెట్ కావాలంటే దేలె పరీక్ష ఉంది. 1991లో స్పెయిన్ ప్రభుత్వం స్థాపించిన ఇన్‌స్తితూతొ సెర్వాంతెస్ దాన్ని నడుపుతుంది. మన దేశంలో ఆ సంస్థ కేంద్రం న్యూఢిల్లీలో ఉంది. హైదరాబాద్‌లో తరగతి గదిలో నేర్చుకోవాలనుకునేవాళ్లు ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) కోర్సుల వివరాలు చూడండి. దేలెలో మొదటి మెట్టు ఏ1. చదవడం, రాయడం కలిపి 50 మార్కులు, వినడం, మాట్లాడటం కలిపి 50. రెండిట్లోనూ విడివిడిగా 30 రావాలి. ఒకదానిలో ఎక్కువ తెచ్చుకుని రెండోదాన్ని కప్పిపుచ్చడం కుదరదు. మనవాళ్లు చదవడం, రాయడంలో బాగా చేసి వినడం దగ్గర టెన్షన్ పడుతుంటారు కాబట్టి, పరీక్షకు రెండు నెలల ముందు నుంచి పై టైమ్‌టేబుల్‌లో వినే సమయాన్ని రెట్టింపు చేయండి. ఎదుటి మనిషి మాట అర్థం కానప్పుడు వాడాల్సిన వాక్యం కూడా ఇప్పుడే నోటికి తెచ్చుకోండి: 'మాస్ దెస్పాస్యొ, పొర్ ఫబోర్.' కాస్త నెమ్మదిగా చెప్పండి.